వహీదా రెహ్మాన్ నటన ఎక్కడ పట్టుకోవాలి, ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: "నటన నేర్చుకుంటున్నాను. ఎవరో చెబితే హిందీ సినిమా 'గైడ్' చూశాను. డాన్సులు అద్భుతం. కానీ వహీదా రెహ్మాన్ మహానటి అని అందరూ ఎందుకంటారో అంతుపట్టలేదు. పెద్ద పెద్ద డైలాగుల్లేవు, గుండెలవిసే ఏడుపుల్లేవు. ఆమె సినిమాలు ఏవి, ఏ వరుసలో చూడాలి? ఆమె నిజంగానే తెలుగులో మొదలుపెట్టిందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం చూడండి. ఆమె నటనంతా అక్కడే జరుగుతుంది. మీరు డైలాగు చెప్పే మనిషిని చూస్తూ ఉండిపోయారు, అందుకే చేజారింది. వరుస అంటారా, 'ప్యాసా', 'తీస్రీ కసమ్', మళ్లీ ఒకసారి 'గైడ్', ఆ తర్వాత 'ఖామోషీ'. ఈ నాలుగూ అయ్యాక 'త్రిశూల్' మొదటి భాగం, 'మషాల్' చూడండి. అవును, ఆమె తెరమీదికి వచ్చింది తెలుగు సినిమాతోనే.

నేను కొన్నేళ్లు పరిషత్తు నాటకాల్లో వేసి, ఆ తర్వాత 22 ఏళ్లుగా హైదరాబాద్‌లో నటన నేర్పుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ మూడో వారంలో వహీదా సీన్లు వేస్తాను, సౌండ్ తీసేసి. మొదటిసారి చూసినవాళ్లలో సగం మంది మీరన్న మాటే అంటారు, "ఏం చేస్తోంది మేడమ్, ఊరికే నిలబడింది కదా" అని. కాబట్టి మీ ప్రశ్న తప్పేం కాదు. కాస్త వివరంగానే రాస్తాను.

తెలుగు మొదలు

ఆమె హైదరాబాద్‌లో పుట్టిందని చాలాచోట్ల రాస్తుంటారు. పుట్టింది తమిళనాడులోని చెంగల్పట్టులో, 1938 ఫిబ్రవరి 3న. నాన్నగారు ప్రభుత్వ ఉన్నతాధికారి, బదిలీల ఉద్యోగం. ఆ బదిలీల్లోనే కుటుంబం విశాఖపట్నం చేరింది. అక్కడ కాన్వెంటులో చదువుకుంది, చిన్నప్పటి నుంచే భరతనాట్యం నేర్చుకుంది. రాజాజీ విశాఖ వచ్చినప్పుడు ఆయన ముందు అక్కాచెల్లెళ్లు నాట్యం చేశారు. డాక్టరు కావాలన్నది ఆమె కోరిక. ఇంతలో నాన్న పోయారు. ఇల్లు గడవడం కష్టమైన రోజుల్లో కుటుంబానికి తెలిసిన ఒక నిర్మాత ద్వారా సినిమాలో డాన్సు అవకాశం వచ్చింది.

ఆ సినిమా 'రోజులు మారాయి', 1955. తాపీ చాణక్య దర్శకుడు, అక్కినేని, షావుకారు జానకి జంట. కొసరాజు రాసిన 'ఏరువాకా సాగారో' పాటకు ఆడింది వహీదా. మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గొంతు. కథలో ఆమెకు పాత్రంటూ లేదు, ఆ పాట ఒక్కటే. కానీ ఊళ్లకు ఊళ్లు ఆ పాట కోసమే మళ్లీ మళ్లీ హాలుకెళ్లాయని మా అమ్మ చెప్పేది. యూట్యూబ్‌లో దొరుకుతుంది, చూడండి. అడుగు ఊరి అడుగే. మెడ, కళ్లు మాత్రం శాస్త్రీయం నేర్చినవని ఇట్టే తెలిసిపోతాయి. నేను దాన్ని డాన్సు కోసం చూపించను. 17 ఏళ్ల పిల్ల, మొదటిసారి కెమెరా ముందుకొచ్చింది, అయినా చూపులో ఎక్కడా బెరుకు కనిపించదు. అది చూడమని చూపిస్తాను.

అదే ఏడాది ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన 'జయసింహ'లో నటించింది. ఆ రోజుల్లోనే హిందీ దర్శకుడు గురుదత్ ఒక తెలుగు సినిమాను హిందీలో తీయవచ్చా అని చూసుకోవడానికి హైదరాబాద్ వచ్చాడు. 'రోజులు మారాయి'లో డాన్సు చేసిన అమ్మాయి కోసం జనం కారు చుట్టూ మూగడం చూసి, ఎవరని ఆరా తీశాడు. బొంబాయి పిలుపు అలా వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఆ 'ఏరువాక' బాణీనే ఎస్.డి. బర్మన్ 1960లో 'బంబయీ కా బాబూ'లో వాడుకున్నారు, 'దేఖ్‌నే మే భోలా హై' పాటకి. 1967లో మన 'రాముడు భీముడు'ను 'రామ్ ఔర్ శ్యామ్'గా హిందీలో తీసినప్పుడు దిలీప్ కుమార్ పక్కన నాయిక వహీదా, దర్శకుడు మళ్లీ తాపీ చాణక్యే. 12 ఏళ్ల కిందట తన సినిమాలో ఒక్క పాటకు ఆడి వెళ్లిన పిల్ల, ఇప్పుడు అగ్రతారగా ఆయన సెట్‌కి వచ్చింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

బొంబాయిలో పెట్టిన రెండు షరతులు

నటన నేర్చుకునే ఆడపిల్లలకు నేను తప్పకుండా చెప్పే సంగతి ఇది. అప్పట్లో పేరు మార్చుకోవడం మామూలు. మీనా కుమారి, మధుబాల, నర్గిస్, అందరివీ పెట్టుకున్న పేర్లే. వహీదా రెహ్మాన్ అన్న పేరు మరీ పొడుగు, మార్చుకోమన్నారు. మా అమ్మానాన్నలు పెట్టిన పేరు, మార్చను అంది. నాకు నచ్చని దుస్తులు వేసుకోను, ఆ మాట ఒప్పందంలో రాయండి అని కూడా అడిగింది. అప్పటికి సంతకం పెట్టే వయసు కూడా లేదు, పెట్టింది వాళ్లమ్మ. చేతిలో డబ్బు లేదు, ఒక్క హిందీ సినిమా చేసి ఉండలేదు, ఎదురుగా కూర్చున్నవాళ్లు పేరున్న దర్శకులు. రాయించుకునే లేచింది. ఆ తర్వాత వచ్చిందే 'సి.ఐ.డి.', 1956, రాజ్ ఖోస్లా దర్శకుడు, దేవానంద్ నాయకుడు.

ఈ సంగతి నటన గురించి కూడా ఎందుకంటే, ఆమె పాత్రలన్నిటిలోనూ ఈ గట్టిదనం లోపల పెట్టుకుని ఉంటుంది. గొంతు పెంచదు. ఒకసారి నిర్ణయించుకుందంటే వెనక్కి రాదు. 'ప్యాసా' గులాబో, 'గైడ్' రోజీ, 'తీస్రీ కసమ్' హీరాబాయి, 'ఖామోషీ' రాధ, 'త్రిశూల్' శాంతి, ఎవరిని తీసుకోండి, అంతే.

'ప్యాసా' (1957) ఎలా చూడాలి

గురుదత్ తీసిన సినిమా ఇది. గులాబో వేశ్య. చిత్తుకాగితాల్లో అమ్ముడుపోయిన ఒక అనామకుడి కవితలు కొనుక్కుంటుంది. ఆ కవే రాత్రిపూట తన వెనక నడుస్తూ వస్తే బేరం అనుకుని, కవ్విస్తూ ఇంటిదాకా తీసుకెళ్తుంది. జేబులో చిల్లిగవ్వ లేదని తెలియగానే తరిమేస్తుంది. ఆ తర్వాత తెలుస్తుంది, తాను దాచుకున్న కవితలు రాసింది ఇతనేనని. కవ్వింపు, చిరాకు, సిగ్గు. ఈ మూడింటి మధ్య ఆమె ముఖం ఎక్కడ మారిందో గుర్తుపెట్టుకోండి. రెండోసారి చూస్తే గానీ దొరకదు.

ఇక 'ఆజ్ సజన్ మోహే అంగ్ లగా లో' పాట. అతను మిద్దె మీద నిలబడి ఉంటాడు, వెనక్కి తిరిగి చూడడు. ఆమె మెట్లెక్కి వెనకగా వస్తుంది. పక్కన ఎవరో కీర్తన పాడుతుంటారు, ఆమె పెదవి కూడా కదపదు. దగ్గరికొస్తుంది, అతని వీపుకు తల ఆన్చబోయి ఆగిపోతుంది, వెనక్కి తగ్గుతుంది. ఈ పాట సౌండ్ తీసేసి చూడండి. ఒక మనిషిని తాకే అర్హత తనకు లేదని నమ్మిన ఆడదాని ఒళ్లు ఎలా ఉంటుందో తెలుస్తుంది. చేయి ముందుకు వెళ్తుంటే భుజం వెనక్కి లాగుతుంటుంది. నా విద్యార్థుల్లో బాగా చేయగలిగిన ఒకమ్మాయి ఈ సీను చేసి చూపిస్తానని నాలుగు రోజులు సాధన చేసింది. చేతులు సరిగ్గానే వచ్చాయి. కానీ ప్రతి అడుగూ ముందే తెలిసినట్టు నడిచింది. వహీదా నడకలో తర్వాతి అడుగు వేస్తుందో లేదో ఆమెకే తెలియదు అన్నట్టు ఉంటుంది. తేడా అక్కడే ఉందని చెప్పాను. మళ్లీ చేయించాను, మూడోసారికి వచ్చింది.

'కాగజ్ కే ఫూల్' (1959) కూడా చూడండి గానీ ఇప్పుడే వద్దు. మన దేశపు మొదటి సినిమాస్కోప్ (వెడల్పు తెర) చిత్రం, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి వెలుగునీడలు చూడ్డానికే ఒక జన్మ చాలదు. కానీ అది దర్శకుడి సినిమా, ఛాయాగ్రాహకుడి సినిమా. నేర్చుకునేవాళ్ల కళ్లు వెలుగు మీదికే పోతాయి.

గురుదత్ లేకపోతే ఆమె లేదా?

ఈ మాట చాలామంది అంటారు. ఆయన చేయిపట్టి తీసుకొచ్చాడు, మొదటి గొప్ప పాత్రలు ఇచ్చాడు, నిజమే. కానీ లెక్క చూడండి. గురుదత్ 1964లో చనిపోయాడు. 'గైడ్' 1965, 'తీస్రీ కసమ్' 1966, 'ఖామోషీ' 1969, జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన 'రేష్మా ఔర్ షేరా' 1971. సత్యజిత్ రాయ్ 'అభిజాన్' కోసం ఆమెను బెంగాల్‌కు పిలిపించుకున్నది 1962లో. ఆమె గొప్ప పని సగానికి పైగా ఆయన సంస్థ బయట చేసిందే. వాళ్లిద్దరి సొంత జీవితాల గురించి పుకార్లు ఇప్పటికీ తిప్పుతుంటారు, వాటితో మీకు పని లేదు. 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్'లో చిన్న కోడలి పాత్ర తనకు కావాలని ఆమెకు కోరిక. వయసు చాలదని అది మీనా కుమారికి వెళ్లింది. చిన్నదే అయినా జబా పాత్ర చేసింది. మీనా కుమారి ఆ సినిమాను మోసింది, సందేహం లేదు. అయినా జబా లేకపోతే ఆ చీకటి హవేలీ కథలో ఊపిరి పీల్చుకోవడానికి కిటికీ ఉండేది కాదు.

'తీస్రీ కసమ్': వినడం అంటే ఇదీ

ఫణీశ్వర్‌నాథ్ రేణు కథ, కవి శైలేంద్ర నిర్మాత, బాసు భట్టాచార్య దర్శకుడు. హీరాబాయి నౌటంకీ ఆటగత్తె, అంటే ఉత్తరాది జానపద నాటకాల్లో ఆడిపాడే మనిషి. ఎడ్లబండిలో జాతరకు వెళ్తుంటుంది. బండివాడు హీరామన్, రాజ్ కపూర్. ఇద్దరి పేరులోనూ హీరా ఉందని ఆమె అతన్ని 'మీతా' (నేస్తం) అని పిలుస్తుంది. దారిలో అతను మహువా అనే పిల్ల కథ చెబుతాడు, వర్తకుడికి అమ్ముడుపోయిన పిల్ల. 'దునియా బనానేవాలే' పాట అక్కడిదే.

ఇప్పుడు ఆమెను చూడండి. మొదట ఏదో పల్లెటూరి కథ అని సరదాగా వింటుంది. మెల్లిగా ఆ కథ తనదేనని తెలుస్తుంది. ఆ సంగతి అతనికి తెలియకూడదు, ఎందుకంటే అతను ఆమెను పెళ్లికాని అమాయకపు పిల్ల అనుకుంటున్నాడు. అంటే ఒకేసారి మూడు పనులు: కథ వినడం, తన బతుకు గుర్తుకు రావడం, అది బయటపడకుండా దాచడం. మీ క్లాసులో ఎవరినైనా రెండు నిమిషాలు ఇలా వినమనండి. నేను చేయిస్తుంటాను. చాలామంది అరనిమిషంలో తల ఊపడం మొదలుపెడతారు. తల ఊపారంటే వినడం ఆగిపోయినట్టే, వింటున్నానని చూపించుకోవడం మొదలైనట్టు. వహీదా తల ఊపదు.

చివర్లో రైల్వే స్టేషన్లో అతని డబ్బు అతని చేతిలో పెట్టి వెళ్లిపోయే సీను గురించి ఏమీ రాయను. మీరే చూడండి. సినిమాకు జాతీయ ఉత్తమ చిత్ర పురస్కారం వచ్చింది కానీ హాళ్లలో ఆడలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే శైలేంద్ర కన్నుమూశారు.

ఇప్పుడు 'గైడ్' మళ్లీ

రోజీ పాత్ర ఒప్పుకోవద్దని ఆమెకు చాలామంది చెప్పారు. భర్తను వదిలి మరొకడితో ఉండే ఆడది, ఆమె చేయిపట్టుకుని పైకి తెచ్చినవాడికే చివరికి దూరమయ్యే ఆడది, ఇది చేస్తే నీ పని అయిపోయినట్టే అన్నారు. చేసింది. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది.

మీకు డాన్సులు కనిపించాయి, మంచిదే. వాటిలోనే నటన వెతకండి. పాములవాళ్ల గుడిసెల దగ్గర ఆడే నాట్యం ఉంది కదా, మొదట రోజీ కూర్చుని వేరే అమ్మాయి ఆడుతుంటే చూస్తుంటుంది. లేవకముందు ఆ కూర్చున్న కాసేపు చూడండి. దేవదాసి కూతురు, గౌరవం కోసం పెళ్లి చేసుకుని కాళ్లను కట్టిపడేసుకున్న మనిషి. నాట్యం ముందు ఒళ్లులోకి వస్తుంది, తర్వాత గానీ కాళ్లలోకి రాదు. లేచాక ఆడేది ఆనందంతో ఆడేది కాదు, ఆకలితో అన్నం మీద పడ్డట్టుంటుంది.

దాని పక్కన 'ఆజ్ ఫిర్ జీనే కీ తమన్నా హై' పెట్టి చూడండి. చిత్తోడ్‌గఢ్ కోట గోడ అంచున నడిచే షాట్లు. ఆ పాటకు ముందే గైడ్ రాజు ఆమెతో అంటాడు, నిన్నటిదాకా 40 ఏళ్ల ఆడదానిలా ఉన్నావు, ఇవాళ 16 ఏళ్ల పిల్లలా ఉన్నావని. ఆ మాట డైలాగులో ఉంది కాబట్టి మనం నమ్మేస్తాం. నిజానికి ఆమె ముందే ఆ తేడా చేసి పెట్టింది. అంతకు ముందు సీన్లలో మెడ ఎలా వాలి ఉందో, కొంగు ఎలా బిగించి పట్టుకుందో వెనక్కి వెళ్లి చూసుకోండి.

'ఖామోషీ', పక్కన మన సావిత్రి

తెలుగువాళ్లకు మాత్రమే ఉన్న ఒక అవకాశం ఇది. బెంగాలీలో అసిత్ సేన్ 1959లో 'దీప్ జ్వేలే జాయ్' తీశారు, సుచిత్రా సేన్ నర్సు. ఆ కథనే 1960లో తెలుగులో 'చివరకు మిగిలేది'గా తీశారు, సావిత్రి నర్సు. 1969లో అసిత్ సేనే హిందీలో 'ఖామోషీ' తీశారు, వహీదా నర్సు. ఒకే పాత్ర, ముగ్గురు మహానటులు. మనసు చెదిరిన రోగిని ప్రేమిస్తున్నట్టు నటించి నయం చేయాలి, అదీ ఆ నర్సు పని. నటిస్తూ నటిస్తూ నిజంగానే ప్రేమిస్తుంది. అతను బాగై వెళ్లిపోతాడు. రెండో రోగి వస్తాడు, మళ్లీ నటించమంటారు. చివరికి అదే ఆస్పత్రిలో ఆమే రోగి అవుతుంది.

ముగ్గురి చివరి సీన్లూ వరుసగా వేస్తాను క్లాసులో. సుచిత్ర విరిగిపోవడంలో ఒక ఠీవి ఉంటుంది. సావిత్రిని చూస్తుంటే మన ఇంట్లో మనిషికే మతి తప్పినట్టు గుండె పిండేస్తుంది. వహీదా అప్పటికే చాలాసేపటి నుంచి కొద్దికొద్దిగా ఆరిపోతూ వస్తుంది, చివరి సీనుకు వచ్చేసరికి మిగిలింది కొంచెమే. ఎవరు గొప్ప అని అడగకండి. వహీదాయే సుచిత్రా సేన్ తనకంటే బాగా చేసిందని చెప్పుకున్నారు. నాకు మాత్రం సావిత్రి దగ్గర కళ్లు తడుస్తాయి, వహీదా దగ్గర రాత్రి నిద్ర పట్టదు.

తల్లి పాత్రల గురించి తొందరపడి తేల్చేయకండి

1974లో పెళ్లి చేసుకుని బెంగుళూరు వెళ్లిపోయారు. అంతకు ముందే 1973లో 'ఫాగున్'లో జయా భాదురికి తల్లిగా వేశారు. 1976లో 'అదాలత్'లో అమితాబ్‌కు భార్య, 1978లో 'త్రిశూల్'లో అమితాబ్‌కే తల్లి. మన పరిశ్రమలు నటీమణుల వయసుతో ఆడుకునే తీరు ఇది. నాకు దీని మీద కోపం ఉంది, ఇప్పటికీ పోలేదు. కానీ 'త్రిశూల్' మొదటి ఇరవై నిమిషాలు చూడండి. డబ్బున్న సంబంధం చేసుకున్న ప్రియుడికి తాను గర్భవతినని చెప్పి, ఏమీ అడగకుండా వెళ్లిపోతుంది. జాలి కోసం చెప్పడం లేదని గొంతులోనే తెలుస్తుంది. ఆ తర్వాత సినిమా అంతా నడిచేది ఆ ఇరవై నిమిషాల బాకీ మీదే.

'మషాల్' (1984)లో అర్ధరాత్రి నడిరోడ్డు మీద భార్య నొప్పితో మెలికలు తిరుగుతుంటే దిలీప్ కుమార్ వెళ్లే ప్రతి కారునూ ఆపమని వేడుకునే సీను అందరికీ తెలుసు. దిలీప్ కుమార్ గురించే మాట్లాడతారు, న్యాయమే. ఒక్కసారి ఆమెనే చూస్తూ కూర్చోండి. నొప్పిలో కూడా అతను అలా పరిగెత్తడం చూడలేకపోతున్న భార్య కనిపిస్తుంది. ఆమె అలా లేకపోతే ఆయన అంత ఎత్తుకు వెళ్లలేడు.

తెలుగుకు మళ్లీ వచ్చారు, 1974లో అక్కినేనితో 'బంగారు కలలు', 1986లో కృష్ణ తీసిన 'సింహాసనం'. వీటిని అభిమానంతో చూడొచ్చు, నేర్చుకోవడానికి అవసరం లేదు. 'నీల్ కమల్' (1968)కు రెండో ఫిల్మ్‌ఫేర్ వచ్చింది కాబట్టి ముందు అది చూస్తానంటారేమో, వద్దు. ఆమె అక్కడ కథ చేతిలో ఇరుక్కుపోయింది. పురస్కారాల జాబితా పట్టుకుని వెళ్తే 'తీస్రీ కసమ్' మిస్సవుతారు. 2023లో దాదా సాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించినప్పుడు ఆమెకు 85 ఏళ్లు. ఆ రోజు నా క్లాసు ఆపి 'ఏరువాక' పాట వేశాను.

ఇక మీరు చేయాల్సింది. ఈ వారం 'ప్యాసా' మిద్దె పాట ఒక్కటే, సౌండ్ లేకుండా ఐదుసార్లు చూడండి. ఆమె ఎన్నిసార్లు ముందుకొచ్చి వెనక్కి తగ్గిందో, ప్రతిసారీ ముందు ఏది కదిలిందో, కన్నా, చేయా, పాదమా, కాగితం మీద రాసుకుని ఇక్కడ పెట్టండి. అది చూశాక 'తీస్రీ కసమ్' ఎక్కడ ఆపి ఆపి చూడాలో నిమిషాలతో సహా రాసిస్తాను.